ఏ సి రాస్తున్నాం?

2025 ఏప్రిల్‌లో జీసీసీ 15 వచ్చాక, ఏళ్ల తరబడి ఎవరూ ముట్టుకోని సి ప్రోగ్రాములు ఎన్నో కంపైల్ కావడం మానేశాయి. వాటి కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు. అంతకుముందు ఏ ఫ్లాగూ ఇవ్వకపోతే కోడ్‌ని గ్నూ17గా చదివే కంపైలర్, ఈ వెర్షన్ నుంచి గ్నూ23గా, అంటే తన సొంత విస్తరణలు కలిపిన సి23గా, చదువుతోంది. సి23లో బూల్, ట్రూ, ఫాల్స్ అనేవి భాష సొంత కీవర్డులు. కాబట్టి పాత హెడర్‌లో ఎవరో రాసుకున్న ‘టైప్‌డెఫ్ ఇంట్ బూల్’ ఇప్పుడు తప్పు. ఫంక్షన్ డిక్లరేషన్‌లో () అని ఖాళీగా వదిలితే ఇన్నాళ్లూ ఆర్గ్యుమెంట్ల గురించి ఏమీ చెప్పడం లేదని అర్థం. సి23లో ఆర్గ్యుమెంట్లే లేవని అర్థం. ఆ ఖాళీ కుండలీకరణాల మీద ఆధారపడి ఫంక్షన్ పాయింటర్లు నడిపిన కోడ్ అంతా ఎర్రర్లు చూపించింది. లినక్స్ డిస్ట్రిబ్యూషన్లు నడిపేవాళ్లు ప్యాకేజీలన్నిటినీ మళ్లీ బిల్డ్ చేసి, విరిగినవాటిని ఏరి, కొన్నింటికి ప్యాచ్‌లు రాశారు, కొన్నింటికి పాత ప్రమాణాన్ని ఫ్లాగుగా తగిలించారు.

ఆ చిన్న ఫ్లాగుతోనే తేరుకున్న ప్యాకేజీలన్నిటిదీ ఒకటే లోటు. తమ కోడ్ ఏ ప్రమాణానికి రాసిందో అవి బిల్డ్ ఫైల్లో ఎక్కడా చెప్పలేదు. మనం చెప్పకపోతే ఆ నిర్ణయం కంపైలర్ తయారుచేసేవాళ్లు తీసుకుంటారు, తమకు వీలైన తేదీన మారుస్తారు కూడా. జీసీసీ 5 వచ్చేదాకా డిఫాల్టు గ్నూ90; 2015లో అది గ్నూ11 అయింది, 2018లో జీసీసీ 8తో గ్నూ17 అయింది, ఇప్పుడు గ్నూ23. క్లాంగ్ తన దారిలో తాను గ్నూ99 నుంచి గ్నూ11కి, ఆపైన గ్నూ17కి వచ్చింది. ఫ్లాగు లేని కోడ్‌బేస్ పదేళ్లలో తనకు తెలియకుండానే మూడు సార్లు భాష మార్చుకుందన్నమాట.

ఇంతకీ ఎంచుకోవడానికి మన ముందున్నవి ఏవి? 1978లో కెర్నిగన్, రిచీ రాసిన పుస్తకమే పదేళ్లపాటు ప్రమాణంగా చలామణీ అయింది. 1983లో మొదలైన అమెరికా ప్రమాణాల కమిటీ 1989లో తొలి ప్రమాణాన్ని ప్రకటించింది. మరుసటి ఏడాది ఐఎస్ఓ దాన్నే స్వీకరించింది కాబట్టి సి89, సి90 అనేవి ఒకే భాష. సి99 పెద్ద మార్పు: కచ్చితమైన బిట్ల వెడల్పు గల పూర్ణాంకాలు, 64 బిట్ల లాంగ్ లాంగ్, // వ్యాఖ్యలు, అవసరమైన చోటే వేరియబుల్ ప్రకటించుకునే వీలు, పేరుతో స్ట్రక్చర్ సభ్యులకు విలువలిచ్చే పద్ధతి. సి11 మొదటిసారి భాషకు థ్రెడ్ల స్పృహ ఇచ్చింది. రెండు థ్రెడ్లు ఒకే చోటును తాకితే ఏమవుతుందో చెప్పే మెమరీ మోడల్, అటామిక్ రకాలు, కంపైల్ సమయంలోనే షరతులు పరీక్షించే స్టాటిక్ అసర్ట్ వచ్చాయి. సి17 కేవలం దిద్దుబాట్ల కూర్పు, కొత్త సదుపాయాలేవీ లేవు. సి23 అధికారికంగా 2024లో అచ్చయింది, దాని సంగతి తర్వాత.

సి89లోనే ఉండిపోయినవాళ్లను వెనకబడినవాళ్లుగా చూడడం నాకు నచ్చదు. వాళ్ల కారణాలు గట్టివి. ఎస్‌క్యూలైట్ డేటాబేస్ మొత్తాన్ని ఒకే పెద్ద సి ఫైలుగా అందిస్తారు, అది ఫోన్లలో, బ్రౌజర్లలో, టీవీ పెట్టెల్లో చేరుతుంది. ఏ మూల ఏ కంపైలర్ దాన్ని చదువుతుందో రాసినవాళ్లకు తెలిసే అవకాశం లేదు. లువా భాషను రూపొందించినవాళ్లు తమ ఇంటర్‌ప్రెటర్‌ని సి, సి++ రెండింటికీ ఉమ్మడిగా చెల్లే భాగంలోనే రాస్తారు. నెట్‌వర్కు మీద డేటా బదిలీ చేసే కర్ల్ ఇప్పటికీ సి89నే పాటిస్తుంది. కానీ 2023లో వచ్చిన 8.0 వెర్షన్ నుంచి 64 బిట్ల పూర్ణాంక రకం లేని వ్యవస్థలను వదిలేసింది, అలాంటి రకం సి89లో లేదు. అంటే కర్ల్ కట్టుబడింది 1989 నాటి పత్రానికి కాదు, తన వినియోగదారుల దగ్గర మిగిలి ఉన్న అతి పాత కంపైలర్‌కు. ఈ తేడా ముఖ్యం. ఫలానా కంపైలర్ వాడే ఫలానా వినియోగదారులున్నారని వేలు పెట్టి చూపగలిగితే సి89 సరైన ఎంపిక. చూపలేకపోతే అది ఒట్టి అలవాటు.

ఆ అలవాటుకు మూల్యం ఉంది. సి89లో వేరియబుళ్లన్నీ బ్లాకు పైనే ప్రకటించాలి కాబట్టి, విలువ తెలియకముందే పేరు పుడుతుంది. విలువ పెట్టని వేరియబుల్‌ని చదివే తప్పులకు అదే తలుపు తీస్తుంది. కచ్చితమైన 32 బిట్ల రకం భాషలో లేదు కాబట్టి ప్రతి ప్రాజెక్టూ తనదైన పేరుతో ఒకటి రాసుకుంటుంది. రెండు లైబ్రరీలను కలిపిన రోజు ఆ పేర్లు ఢీకొంటాయి. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం ప్రకటించని ఫంక్షన్లది. సి89లో డిక్లరేషన్ లేని ఫంక్షన్‌ని పిలిస్తే, అది ఇంట్ తిరిగి ఇస్తుందని కంపైలర్ ఊహించుకుంటుంది. హెడర్ చేర్చడం మరిచి మాలాక్‌ని పిలిస్తే, 64 బిట్ల యంత్రంలో వచ్చే పాయింటర్‌లో పై సగం పోయి కింది సగమే మిగులుతుంది. మెమరీ కింది చిరునామాల్లో దొరికినంతకాలం ప్రోగ్రాం బాగానే నడుస్తుంది, ఒకరోజు కూలుతుంది. సి99 ఈ ఊహను 1999లోనే భాషలోంచి తీసేసినా కంపైలర్లు మాత్రం హెచ్చరికతో సరిపెట్టాయి. 2023లో క్లాంగ్ 16, 2024లో జీసీసీ 14 దాన్ని ఎర్రర్‌గా మార్చాయి. పాతికేళ్ల ఆలస్యం! ప్రమాణం చెప్పేదానికీ కంపైలర్ చేసేదానికీ మధ్య ఎంత దూరం ఉండగలదో ఇది చూపిస్తుంది.

తెలుగు రాష్ట్రాల్లో ఇంజనీరింగు చదివినవాళ్లలో చాలామంది ఈ దూరాన్ని మొదటి ఉద్యోగంలో చూశారు. కళాశాల ల్యాబుల్లో చాలాకాలం సి అంటే టర్బో సి, 1990ల తొలినాళ్ల బోర్లాండ్ కంపైలర్. అందులో ఇంట్ 16 బిట్లే. తెర తుడవడానికి పిలిచే ఫంక్షన్, దాని హెడర్ ఏ ప్రమాణంలోనూ లేవు. మెయిన్‌కి వాయిడ్ పెట్టినా చెల్లుతుంది. ఆ పిల్లలు నేర్చుకున్నది ఒక కంపైలర్‌ని. ప్రమాణం అనే పత్రం ఒకటుందని, తమ కోడ్ దానికి కట్టుబడాలని చెప్పేవాళ్లు ఉంటే, లినక్స్ యంత్రం ముందు కూర్చున్న మొదటి వారం అంత అయోమయంగా ఉండేది కాదు.

సి99 కథ మైక్రోసాఫ్ట్ కంపైలర్ లేకుండా పూర్తికాదు. ఆ కంపైలర్ శ్రద్ధ అంతా సి++ మీద ఉండడంతో, 2013 దాకా సి99లో చాలా భాగం అందులో చెల్లేది కాదు. విండోస్‌లోనూ నడవాల్సిన ప్రాజెక్టులు చాలా అందువల్ల సి89లో ఇరుక్కున్నాయి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ 2019లో వచ్చిన 12వ వెర్షన్‌తోనే సి99కి మారింది, అప్పుడు కూడా మొత్తం తీసుకోలేదు. పరిమాణం నడిచేటప్పుడు తేలే అర్రేలు వద్దు, కోడ్ మధ్యలో డిక్లరేషన్లు వద్దు, // వ్యాఖ్యలు వద్దు అని తన పత్రాల్లో రాసుకుంది. పైథాన్ ఇంటర్‌ప్రెటర్ కూడా మెట్లుమెట్లుగానే ఎక్కింది. 2016లో 3.6 వెర్షన్‌తో సి89కి కొన్ని ఎంపికచేసిన సి99 సదుపాయాలు చేర్చుకుని, 2022లో 3.11తో సి11కి వచ్చింది, ఐచ్ఛిక భాగాలు తీసేసి. ఈ రెండిట్లోనూ నన్ను ఆకట్టుకునేది వదిలేసినవాటి జాబితా. ఒక ప్రమాణాన్ని పేరుతో ఎంచుకుని ఊరుకోకుండా, అందులో మాకు పనికిరానిది ఏదో కూడా చెప్పడం పరిణతి ఉన్న జట్టు చేసే పని.

ఐచ్ఛికం అన్న మాట దగ్గర కొంచెం ఆగాలి. సి99లో తప్పనిసరి అయిన, పరిమాణం నడిచేటప్పుడు తేలే అర్రేలను, సంకీర్ణ సంఖ్యలను సి11 ఐచ్ఛికం చేసింది. ఆ అర్రేలు స్టాక్‌ని ఎంత తింటాయో ముందుగా తెలియదు. లినక్స్ కెర్నల్ జట్టు వాటిని వెతికి వెతికి తీసేసి, 2018 చివర్లో వచ్చిన 4.20 నాటికి పూర్తిగా వదిలించుకుంది. మైక్రోసాఫ్ట్ కంపైలర్ వాటిని ఎప్పుడూ చేర్చలేదు, అయినా 2020లో సి11, సి17 ఫ్లాగులు తేగలిగింది, అవి తప్పనిసరి కాకపోవడం వల్లే. అందుకే, వినడానికి వింతగా ఉన్నా, అన్ని వేదికల మీదా నడవాల్సిన కోడ్‌కి పూర్తి సి99 కన్నా సి11 సులువైన లక్ష్యం. పాతది ఎంచుకుంటే ఎక్కువ చోట్ల నడుస్తుందన్న లెక్క ఇక్కడ తప్పుతుంది. సి11లో దగ్గరికి పోకూడనివి కూడా ఉన్నాయి. థ్రెడ్ల లైబ్రరీ ఐచ్ఛికం, లినక్స్‌లో వాడే సి లైబ్రరీ గ్లిబ్‌సీకి అది 2018లో గానీ రాలేదు. భద్రమైన స్ట్రింగు ఫంక్షన్లంటూ చేర్చిన అనుబంధం కేను గ్లిబ్‌సీ అసలు చేర్చలేదు.

ప్రమాణం మార్చడం అంటే ఏమిటో లినక్స్ కెర్నల్ అనుభవం అన్నిటికన్నా స్పష్టంగా చూపుతుంది. 2022 ఫిబ్రవరిలో ఒక భద్రతా పరిశోధకుడు కెర్నల్ జాబితాల లూపుల మీద ప్యాచ్‌లు పంపారు. ఆ లూపు మాక్రోలలో, జాబితా మీద నడిచే పాయింటర్‌ని లూపు బయట ప్రకటించక తప్పదు, సి89 కాబట్టి. లూపు చివరిదాకా వెళ్లి ఏమీ దొరక్కపోతే ఆ పాయింటర్ జాబితా తలను పట్టుకుని, అక్కడ లేని వస్తువు చిరునామాగా మిగిలిపోతుంది. తర్వాతి వరుసల్లో ఎవరైనా దాన్ని వాడితే తప్పు చదువు, తప్పు రాత. ఇలాంటి చోట్లు ఒకటి రెండు కాదు. ఒక్కొక్కదాన్నీ దిద్దడం కన్నా, ఆ పాయింటర్ లూపులోనే పుట్టి లూపుతోనే పోయేలా చేస్తే జబ్బే ఉండదన్నది కెర్నల్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఆలోచన. ఫర్ లోపలే డిక్లరేషన్ పెట్టడం సి99 సదుపాయం. సి99కి వెళ్లే బదులు గ్నూ11కే వెళ్లవచ్చని కెర్నల్ డెవలపర్ ఆర్న్ట్ బెర్గ్‌మన్ చూపించారు. అంతకు కొద్ది నెలల ముందే 5.15 కెర్నల్ కనీస జీసీసీని 5.1కి పెంచింది, ఆ వెర్షన్ డిఫాల్టే గ్నూ11. 2022 మేలో వచ్చిన 5.18 నుంచి కెర్నల్ గ్నూ11లో బిల్డ్ అవుతోంది.

ఈ కథలో రెండు విషయాలు గమనించాలి. మార్పుకి కారణం కొత్త సదుపాయాల మీద మోజు కాదు, ఒక తరగతి తప్పుల్ని భాష సాయంతో తుడిచేయగలగడం. ఇక గ్నూ17కి ఎందుకు వెళ్లలేదంటే, ఆ ఫ్లాగు జీసీసీ 8కి ముందు లేదు. ప్రమాణాన్ని నిర్ణయించింది కనీస కంపైలర్. ఆ వరుస తలకిందులు చేసి, ముందు నచ్చిన ప్రమాణం ఎంచుకుని తర్వాత కంపైలర్లను వెతుక్కునే జట్లు ఇబ్బంది పడతాయి. కెర్నల్ అప్పుడు కూడా కోడ్ మధ్యలో డిక్లరేషన్ల మీద హెచ్చరికను అలాగే ఉంచింది.

గ్నూ11, సి11 అనేవి ఒకటి కాదు, ఈ తేడా చాలా మందికి దెబ్బ తగిలాకే తెలుస్తుంది. గ్నూ అని ముందున్న మోడ్‌లో జీసీసీ సొంత విస్తరణలు కలిసి వస్తాయి. అది లేకపోతే కంపైలర్ ప్రమాణానికి కఠినంగా కట్టుబడుతుంది. కఠినమైనదే మంచిదనుకుని సి99 ఫ్లాగు పెట్టినవాళ్లకు లినక్స్‌లో ఎదురయ్యే మొదటి చిక్కు: స్ట్రింగు నకలు తీసే స్ట్ర్‌డప్ లాంటి పోసిక్స్ (యునిక్స్ తరహా వ్యవస్థల ప్రమాణం) ఫంక్షన్ల డిక్లరేషన్లు హెడర్లలో మాయమవుతాయి, అవి సి99లో లేవు కాబట్టి. పాత జీసీసీ అక్కడ హెచ్చరికతో వదిలేసేది. స్ట్ర్‌డప్ ఇంట్ తిరిగి ఇస్తుందని ఊహించుకునేది. ఇందాక మాలాక్‌తో చెప్పిన సగం పాయింటర్ కథే మళ్లీ. ఏ పోసిక్స్ సంచిక కావాలో మాక్రోతో ముందే చెబితే ఈ చిక్కు ఉండదు. లెక్కల కోడ్‌లో మరో తేడా ఉంది. గుణకారాన్నీ కూడికనూ కలిపి ఒకే ఆదేశంగా చేయడాన్ని గ్నూ మోడ్‌లో జీసీసీ అనుమతిస్తుంది, కఠిన మోడ్‌లో ఆపుతుంది. అదే కోడ్, అదే యంత్రం, ఫ్లాగు మారితే దశాంశాల చివరి అంకె మారవచ్చు. సంఖ్యాగణిత లైబ్రరీ నడిపేవాళ్లు ఈ ఎంపికను పరీక్షల ఫలితాలతో కలిపి చూడాలి. నా అభిప్రాయంలో, జీసీసీ, క్లాంగ్‌లకే పరిమితమైన కోడ్ గ్నూ మోడ్‌లో ఉండడంలో తప్పేమీ లేదు. తప్పల్లా విస్తరణలు వాడుతూ వాడటం లేదనుకోవడం.

ఎర్రర్ ఇచ్చే మార్పులు దిద్దుకోవడం సులువు. ఏ చప్పుడూ లేకుండా అర్థం మార్చేవే ప్రమాదం. 8 //* భాగం */ 2 అని ఒక వరుసలో రాసి, సెమికోలన్ తర్వాతి వరుసలో పెడితే, సి89లో విలువ 4, సి99లో 8. ఒకదానిలో అది భాగహారం, మరొకదానిలో మొదటి అంకె తర్వాత వరుసంతా వ్యాఖ్య. ఇలాంటిది అరుదే. ఇన్‌లైన్ సంగతి అలా కాదు, దానితో నిజంగానే బిల్డులు విరిగాయి. హెడర్‌లో ఇన్‌లైన్ అని మాత్రమే రాసిన ఫంక్షన్‌కి పాత గ్నూ మోడ్‌లో ప్రతి ఫైలూ బయటికి కనిపించే నకలు తయారుచేస్తుంది. సి99లో ఏ ఫైలూ చేయదు. మొదటిదానిలో నకళ్లు ఎక్కువై లింకర్ ఆగిపోతుంది, రెండోదానిలో నకలే దొరక్క ఆగిపోతుంది. జీసీసీ 5 డిఫాల్టు మార్చినప్పుడు చాలా ప్రాజెక్టులు నేర్చుకున్న పాఠం ఇదే: స్టాటిక్ ఇన్‌లైన్ అని రాస్తే రెండిట్లోనూ ఒకే అర్థం. రుణ సంఖ్యల భాగహారం సంగతీ చెప్పాలి. -7ని 2తో భాగిస్తే సి89లో -3, -4 రెండూ చెల్లుతాయి, కంపైలర్ ఇష్టం. సి99 నుంచి -3 మాత్రమే.

కార్లు, వైద్య పరికరాల సాఫ్ట్‌వేర్‌లో ఈ ఎంపిక ప్రోగ్రామర్ చేతిలో పూర్తిగా ఉండదు. అలాంటి కోడ్ పాటించే మిస్రా నియమావళి 1998, 2004 కూర్పులను సి90 కోసమే రాశారు. 2012 కూర్పు సి99ని కూడా ఒప్పుకుంది. సి11 వైపు తలుపులు తెరవడం తర్వాతి సవరణలతో జరిగింది, 2023 కూర్పు అన్నిటినీ ఒకచోట చేర్చింది. హైదరాబాద్‌లో కూర్చుని విదేశీ కార్ల కంపెనీలకు ఎంబెడెడ్ కోడ్ రాసే ఇంజనీర్‌కి కంపైలర్, విశ్లేషణ పరికరం, నియమావళి మూడూ కలిసి ధ్రువీకరణ పొందినవి. ఒకటి మారితే మూడూ మళ్లీ పరీక్షించాలి. అక్కడ సి99 దగ్గరే ఉండడం వెనుక ఖర్చు లెక్క ఉంది, అది న్యాయమైన లెక్కే.

లైబ్రరీ రాసేవాళ్లకు ఒకటి కాదు, రెండు ప్రమాణాలు కావాలి. లోపలి సి ఫైళ్లను మనం బిల్డ్ చేస్తాం. బయటి హెడర్‌ని మాత్రం మన చేతిలో లేని ప్రతి కంపైలర్ చదువుతుంది, సి++ కూడా. పాయింటర్ మీద రెస్ట్రిక్ట్ అన్న పదం సి++‌లో లేదు. రకాన్ని బట్టి ఫంక్షన్ ఎంచుకునే సి11 జెనెరిక్ కూడా లేదు. లోపల సి17 ఎంచుకుని, హెడర్లను సి99, సి++ రెండూ ఒప్పుకునే మేరకే రాయడం చాలా ఏళ్లుగా పనిచేస్తున్న పద్ధతి.

సి23 నాకు ఇష్టమైన కూర్పు. కూడిక పొంగితే చెప్పే సురక్షిత అంకగణితం, ఫైలును నేరుగా అర్రేగా చేర్చే ఎంబెడ్, కంపైల్ సమయపు స్థిరాంకాలు, పాయింటర్‌కి మాత్రమే చెందిన శూన్య విలువ, రుణ సంఖ్యలకు ఒకే ప్రాతినిధ్యం ఉండాలన్న నియమం. దశాబ్దాలుగా మాక్రోలతో, విస్తరణలతో నెట్టుకొచ్చిన పనులివి. ఫర్మ్‌వేర్, సర్వర్ లోపలి సేవ లాంటి, కంపైలర్‌ని మనమే ఎంచుకునే కోడ్ అయితే ఈరోజే తీసుకోవచ్చు. మైక్రోసాఫ్ట్ వైపు పని ఇంకా పూర్తికాలేదు కాబట్టి నలుగురికీ పంచే లైబ్రరీకి తొందర వద్దు. దానికి సి17 ఫ్లాగు పెట్టి, సి11 సదుపాయాల్లో ఐచ్ఛికం కానివే వాడమంటాను.

పాత కోడ్‌ని కదిలించేవాళ్లకు గిట్ ప్రాజెక్టు చూపిన దారి నమ్మదగ్గది. గిట్ కూడా ఎన్నో ఏళ్లు సి89. సి99 సదుపాయాన్ని ఒక్క చోట మాత్రమే వాడి, విడుదల చేసి, ఎవరైనా ఇబ్బందిపడ్డామని చెబుతారేమోనని కొన్ని విడుదలలపాటు చూసేది. ఎవరూ చెప్పకపోతే ఆ సదుపాయం అందరికీ అనుమతి. 2022 జనవరిలో వచ్చిన 2.35లో ఏకంగా ప్రమాణ సంఖ్యనే పరీక్షించారు. కంపైలర్ తనకు సి99 వచ్చని చెప్పకపోతే బిల్డ్ ఆగి, ఇది ప్రయోగ దశ అని చెబుతుంది. ఆ పరీక్షను తీసేయడం ఒక్క వరుస పని. అతి పాత కంపైలర్ ఏదో ఊహించడం మానేసి, అది వాడేవాళ్లనే చెప్పమనడం అన్నమాట. ఆ సమాధానం వచ్చాక దాన్ని రాసిపెట్టుకోవాలి: బిల్డ్ ఫైల్లో ప్రమాణం ఫ్లాగు, హెడర్‌లో ప్రమాణ సంఖ్య పరీక్ష, ఆ కనీస కంపైలర్‌తోనూ సరికొత్త కంపైలర్‌తోనూ ప్రతి మార్పుకీ బిల్డ్.

ఆ కనీస కంపైలర్‌కి గడువు తేదీ కూడా ఉంటుంది. రెడ్ హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లినక్స్ 7లో వచ్చిన జీసీసీ 4.8కి సి11 అటామిక్ రకాలు తెలియవు. సంస్థలు సి99 దగ్గర ఆగిపోవడానికి అదొక కారణం. ఆ వ్యవస్థ సాధారణ నిర్వహణ 2024 జూన్ 30న ముగిసింది కాబట్టి ఆ కారణం ఇక చెల్లదు. దాని తర్వాతి 8వ వెర్షన్‌లో ఉన్నది జీసీసీ 8. దానికి సి17 వచ్చు, సి23 ఫ్లాగు పేరు కూడా తెలియదు. ఆ వ్యవస్థకు నిర్వహణ 2029 మే దాకా ఉంది.